మట్టిలోని మందును వెదకిన మన తెలుగు బిడ్డ – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

రోహిణి కార్తె ఎండలకు మన కర్నూలు, కడప పల్లెల్లో నేల నోళ్ళు తెరుచుకుని ఉంటుంది. అటువంటి సమయంలో నాలుగు తొలకరి చినుకులు రాలితే చాలు, మట్టిలోనుంచి కమ్మని వాసన లేస్తుంది. పెద్దవారు అరుగుల మీదికి వచ్చి ఆ వాసనను ఆస్వాదిస్తారు. రైతు మనసులో ఆశ చిగురిస్తుంది. ఆ వాసన మట్టిది కాదంటే మీరు నమ్ముతారా? అది మట్టిలో నివసించే, కంటికి కనిపించని జీవులు తయారుచేసే పదార్థం వల్ల వచ్చే వాసన. ఆ జీవులలో ముఖ్యమైనవాటిని శాస్త్రజ్ఞులు స్ట్రెప్టోమైసిస్ అని పిలుస్తారు. అవి బాక్టీరియా జాతికి చెందినవి.

బాక్టీరియా అనగానే మనకు కలరా, క్షయ, టైఫాయిడ్, కుష్ఠు గుర్తుకు వస్తాయి. అది సహజమే. ఈ జబ్బులన్నిటికీ కారణం బాక్టీరియాయే. కాని పాలు పెరుగుగా తోడుకునేది కూడా బాక్టీరియా వల్లనే. బుడ్డల చెట్టును పెరికి వేళ్ళు చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా ఉంటుంది. అందులో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువుగా అందిస్తుంది. మన నల్లరేగడిలో పండే శనగకు కూడా ఇదే మేలు జరుగుతుంది. మన శరీరంలోనే సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం పేగులలో ఉండి, మనకు కొన్ని విటమిన్లు తయారుచేసి ఇస్తూ, చెడ్డ బాక్టీరియాకు చోటు దొరకకుండా కాపలా కాస్తాయి.

ఈ మంచి బాక్టీరియాను, చెడ్డ బాక్టీరియాను దగ్గరగా చూసినవారు, ఒకదాని సాయంతో మరొకదానిని జయించే పనికి నాయకత్వం వహించినవారు ఒక తెలుగువారే. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనుగొన్న వాటి ఫలం మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అందుకునే ఉంటారు. కాని ఆయన పేరు మన పిల్లలలో ఎంతమందికి తెలుసు? అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాము.

పారిపోయిన బాలుడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగుండక త్వరగా ఉద్యోగం వదిలిపెట్టారు. సంసారం పెద్దది, రాబడి చిన్నది. కుటుంబ భారమంతా తల్లి వెంకమ్మ గారి మీద పడింది.

చిన్ననాడు సుబ్బారావుకు చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడవ ఏట ఒక బంధువుల కుర్రవానితో కలిసి ఇల్లు వదలి కాశీకి బయలుదేరాడు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని అతని ఆలోచన. తల్లి అతనిని వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. తండ్రి మరణించాడు. అయినా ఆ తల్లి కుమారుని చదువు మాన్పించలేదు. తన నగలు అమ్మి మద్రాసు పంపించింది. మూడవసారి సుబ్బారావు నెగ్గాడు.

పరీక్ష తప్పిన బిడ్డను పనికిరానివాడని తీసిపారేసే తల్లిదండ్రులు ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోవాలి. వెంకమ్మ గారు ఆనాడు నిరాశపడి ఉంటే లోకానికి కొన్ని మందులు చాలా ఆలస్యంగా అంది ఉండేవి.

మద్రాసులో చదివే రోజులలో ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి అనుమతి ఇవ్వలేదు. మిషన్ పెద్దలు వైద్యం చదివి రోగులకు సేవ చేయమని సలహా ఇచ్చారు. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. దైవసేవ చేయాలన్న కోరిక ఆ విధంగా రోగుల సేవగా మారింది. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆయన చదువుకు ఆసరాగా నిలిచారు.

అవి గాంధీజీ పిలుపుతో దేశమంతా విదేశీ వస్త్రాలను విడిచిపెడుతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళారు. శస్త్రవైద్యం బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి అది రుచించలేదు. తోటివారికి ఎం.బి.బి.ఎస్. పట్టా వచ్చింది. సుబ్బారావుకు మాత్రం అంతకంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. దక్కింది.

ఇంట్లోకి వచ్చిన మృత్యువు

ఆ యౌవనకాలంలోనే ఆయన ఇంటిని పెద్ద దుఃఖం కమ్ముకున్నది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. సుబ్బారావు కూడా అదే జబ్బు బారినపడి, ఆయుర్వేద వైద్యంతో ఎలాగో బయటపడ్డారు.

స్ప్రూ అంటే ఏమిటి? మన పెద్దలు గ్రహణి అని పిలిచే జబ్బుల కోవలోనిది. విరేచనాలు ఆగవు. తిన్న ఆహారం ఒంటికి పట్టదు. నాలుక పుండవుతుంది. రక్తం పలచబడుతుంది. మనిషి ఎండిన కట్టెలాగా అయిపోతాడు. ఉష్ణదేశాల ప్రజలను ఇది శతాబ్దాలుగా పీడించింది. 1960ల తొలినాళ్ళలో కూడా మనకు దగ్గరలోని వేలూరు చుట్టుపక్కల గ్రామాలలో ఇది ప్రబలితే, అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు ఏళ్ళ తరబడి దానిని పరిశీలించారు. చిన్నపేగులో ఉండకూడని బాక్టీరియా తిష్ఠ వేయడం దీనికి ముఖ్యకారణాలలో ఒకటని ఈనాడు వైద్యులు భావిస్తున్నారు. పేగు దెబ్బతిన్నప్పుడు ఆహారంలోని ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ శరీరానికి అందదు. రక్తం పలచబడడానికి అదొక కారణం.

సుబ్బారావు డాక్టరు చదువు చదువుతున్న రోజులలో ఈ సంగతులేవీ ఎవరికీ తెలియవు. తన తోబుట్టువులు ఎందుకు చనిపోయారో వైద్యశాస్త్రం ఆయనకు చెప్పలేకపోయింది. ఆ ప్రశ్న ఆయనను వదలలేదు.

అమెరికాలో రాత్రి కూలి

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేసిన సహాయంతోను, మామగారి సహాయంతోను ఆయన 1920ల తొలినాళ్ళలో అమెరికా వెళ్ళారు. బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల వైద్యం చదివారు. చేతిలో డబ్బు లేదు. పగలు చదువు. రాత్రి ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగే పని. మన దేశంలో డాక్టరుగా గౌరవం పొందవలసిన మనిషి పరాయిదేశంలో ఆ పనిని చిన్నతనంగా తలచలేదు.

తరువాత ఆయన హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరి సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడుకలోకి వచ్చింది. కండరాలు పనిచేయడానికి శక్తి ఎలా అందుతుందో తెలిపే రెండు పదార్థాలను కూడా వారు కనుగొన్నారు. వాటిలో ఏటీపీ అనేది ఒకటి. ఇప్పుడు మీ పిల్లల సైన్సు పుస్తకంలో అది తప్పక ఉంటుంది. 1930లో ఆయనకు పిహెచ్.డి. లభించింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లే అనే మందుల సంస్థలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. తన సోదరుల మరణం రేపిన ప్రశ్నకు జవాబు వెదికే అవకాశం ఆయనకు అక్కడే దొరికింది.

ఆకులో ఉన్న ఆయువు

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. 1920ల చివరలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలను పరీక్షించారు. వారికి రక్తం బాగా పలచబడి ఉన్నది. ఈస్టు నుంచి తీసిన సారం తినిపిస్తే కోలుకున్నారు. ఆ సారంలో ఏదో మేలు చేసే పదార్థం ఉన్నదని తెలిసింది. అదేమిటో తెలియలేదు. తరువాత అమెరికాలో పాలకూర వంటి ఆకు నుంచి కూడా అటువంటి పదార్థాన్నే తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

ఆ పదార్థం అణుమాత్రమే ఉంటుంది. దానిని పట్టుకోవడం ఎలా? ఇక్కడ బాక్టీరియాయే శాస్త్రజ్ఞులకు చేదోడు అయింది. మీ ఇంట్లో పాలను తోడుకునేలా చేసే బాక్టీరియాకు దగ్గర చుట్టమైన లాక్టోబాసిల్లస్ కేసియై అనే జీవికి ఈ విటమిన్ లేకపోతే పెరుగుదల ఉండదు. గాజు గొట్టంలో ఆ జీవిని ఉంచి పరీక్షించే ద్రవాన్ని పోస్తే, జీవి ఎంత పెరిగిందో దానినిబట్టి విటమిన్ ఎంత ఉన్నదో తెలిసిపోతుంది. కంటికి కనిపించని జీవి కొలబద్దగా ఉపయోగపడిందన్నమాట. సుబ్బారావు గారి బృందం కాలేయం నుంచి, ఇంకా బాక్టీరియాను పెంచిన ద్రవం నుంచి ఈ పదార్థాలను వేరుచేసింది. 1945లో ప్రయోగశాలలో తయారుచేసి చూపింది.

వెంటనే ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. పలచబడిన రక్తం బాగుపడింది. నాలుక పుండ్లు మానాయి. ఆకలి వేసింది. సుబ్బారావు సోదరులు మరణించి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది.

ఈనాడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. బడిపిల్లలకు వారానికొకసారి ఇచ్చే మాత్రలో ఉన్నది కూడా ఇదే. గర్భం నిలిచిన తొలి రోజులలో ఇది చాలినంత ఉంటే బిడ్డ వెన్నుపాముకు వచ్చే లోపాలు చాలావరకు తప్పుతాయి.

బంగారు రంగు జీవి

ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసింది గాని పేగులో తిష్ఠ వేసిన చెడ్డ బాక్టీరియాను చంపలేదు. దానికి మరొక మందు కావాలి. పెన్సిలిన్ అప్పటికే వచ్చింది. అది కొన్ని జాతుల బాక్టీరియా మీదనే పనిచేస్తుంది. స్ట్రెప్టోమైసిన్‌ను సూదిమందుగా ఇవ్వాలి. నోటితో మింగితే చాలు, ఎన్నో రకాల చెడ్డ బాక్టీరియాను అణచగల మందు కోసం సుబ్బారావు గారి శాఖ వెదకడం మొదలుపెట్టింది.

ఎక్కడ వెదకాలి? మట్టిలోనే. మట్టిలోని బాక్టీరియాలో కొన్ని తమ పొరుగు బాక్టీరియాను దూరంగా ఉంచడానికి విషపదార్థాలను వదులుతాయి. ఆ విషం మనిషికి హాని చేయకుండా చెడ్డ బాక్టీరియాను మాత్రం చంపితే అదే మందు. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి రిటైరై, 70 ఏళ్ళు దాటిన వయసులో ఈ పనిలో చేరారు. ఎక్కడెక్కడి నుంచో మట్టి తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలో గడ్డి పెరిగే ఒక మడి నుంచి 1945లో పంపిన మట్టిలో, బంగారు రంగులో పెరిగే ఒక స్ట్రెప్టోమైసిస్ దొరికింది. మన తొలకరి వాసనకు కారణమైన ఆ కుటుంబంలోనిదే. దాని రంగును బట్టి ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ అని మీరు వినే మందుల కుటుంబానికి అదే పెద్దబిడ్డ.

1948లో ఆ మందును లోకానికి ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 ఏళ్ళు. ఆ మందు ఎంతమందిని బ్రతికించిందో ఆయన చూడలేదు. ఆయన నాయకత్వంలోనే బోదకాలు వ్యాధికి ఇచ్చే డీఈసీ మందు, పిల్లల రక్తక్యాన్సర్ మీద మొదటిసారిగా పనిచేసిన మందు కూడా తయారయ్యాయి.

ఆ తరువాత వైద్యులు గ్రహించిన సంగతి ఒకటి ఉన్నది. స్ప్రూ వ్యాధికి నేటికీ ఇచ్చే ముఖ్యమైన వైద్యం ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్, ఈ రెండూ కలిపి కొన్ని నెలలపాటు ఇవ్వడం. రెండు మందులకూ మూలం సుబ్బారావు గారు నడిపించిన ఆ పరిశోధనశాలే. తన సోదరులను బలిగొన్న జబ్బుకు ఆయన జీవితమంతా వెచ్చించి రెండు విధాల మందు దొరికేలా చేశారు. ఆ సోదరులకు అది అందలేదు. ఇతరుల సోదరులకు అందింది.

ఈ జీవితంలో ఒక లోటు కూడా ఉన్నది. దానిని దాచకూడదు. అమెరికా వెళ్ళిన సుబ్బారావు గారు తిరిగి స్వదేశం రాలేదు. భార్య శేషగిరి గారు ఆయనను మళ్ళీ చూడలేదు. ఈ మందులు మింగి బాగుపడిన మనమందరం ఎన్నడూ పేరు వినని ఆ ఇల్లాలి నిరీక్షణకు కూడా ఋణపడి ఉన్నాము. 1995లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ విడుదల చేసింది. అంతకు చాలాకాలం ముందే శాస్త్రజ్ఞులు ఒక జాతి బూజుకు ఆయన పేరు కలిసేటట్టు సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు.

మన ఇంటి అలమరలో

ఇక మన సంగతికి వద్దాము. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం పుట్టినప్పుడు ప్రజలను ఆదుకున్న మందు టెట్రాసైక్లినే. కలరా సోకినవారికి, పొలాల్లో కనిపించే చిన్న పురుగు కాటువల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఈ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ ఈనాటికీ ప్రాణం పోస్తున్నది. ఇంత విలువైన మందులను మనం ఎలా వాడుతున్నాము?

జలుబు చేస్తే మందుల షాపుకు వెళ్ళి రెండు క్యాప్సూళ్ళు అడుగుతాము. జలుబుకు కారణం వైరస్. దాని మీద ఈ మందు పనిచేయదు. డాక్టరు ఏడు రోజులకు వ్రాస్తే మూడో రోజున జ్వరం తగ్గిందని ఆపివేసి, మిగిలిన మాత్రలను అలమరలో దాచుకుంటాము. పక్కింటి పిల్లవానికి జ్వరం వస్తే అవే ఇస్తాము. టెట్రాసైక్లిన్ చిన్నపిల్లల పళ్ళకు శాశ్వతంగా మచ్చ తెస్తుందని ఎంతమందికి తెలుసు? పైగా ఈ మందులు పేగులలోని మంచి బాక్టీరియాను కూడా చంపుతాయి. మందు వేసుకున్న తరువాత కొందరికి విరేచనాలు పట్టుకోవడానికి కారణం ఇదే.

అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. మందును అడ్డదిడ్డంగా వాడినప్పుడు, దానిని తట్టుకోగల చెడ్డ బాక్టీరియా బ్రతికి తన సంతానాన్ని పెంచుకుంటుంది. ఆ తరువాత నిజంగా అవసరం వచ్చిన రోజున మందు పనిచేయదు. 2019లో ఒక్క సంవత్సరంలోనే ఇటువంటి మొండి బాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో 12 లక్షల 70 వేలమంది మరణించారని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. తప్పు మన ఒక్కరిదే కాదు. ఆరియోమైసిన్ కలిపిన మేత తిన్న కోళ్ళు త్వరగా ఎదుగుతాయని 1950 ప్రాంతంలోనే తెలిసి, ఆ అలవాటు లోకమంతా పాకింది. చివరికి 2019లో మన ప్రభుత్వం కొలిస్టిన్ అనే మందును పశువులకు, కోళ్ళకు వాడకుండా నిషేధించవలసి వచ్చింది.

కనుక ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం పూజాబలి నుంచి ఇంటికి వచ్చాక మీ ఇంటి అలమర ఒకసారి తెరవండి. మందు అట్టమీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. మిగిలిపోయినవి ఉంటే ఎవరికీ ఇవ్వకండి. డాక్టరు చెప్పిన రోజులన్నీ మందు వేసుకోండి. క్షయ వ్యాధికి చికిత్స పొందుతున్నవారు నెలలు పూర్తయ్యేవరకు ఒక్క పూట కూడా మానవద్దు. మీ విచారణలో గర్భిణీ స్త్రీ ఉంటే ఎర్రమాత్ర వేసుకుంటున్నదో లేదో పెద్దదిక్కుగా అడగండి. తాగేనీరు కాచి చల్లార్చండి. 2009 అక్టోబరులో వరదలు కర్నూలును ముంచెత్తినప్పుడు, నీరు తీశాక రోగాల భయం ఎలా ఉంటుందో మనం చూసినవారమే. పెరుగు, సద్ది, ఆకుకూరలు మన పెద్దలిచ్చిన మంచి అలవాట్లు. వాటిని పిల్లలకు నేర్పండి.

సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయాన్ని ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. దేవుడు మందులను నేలనుండే కలిగించాడని, వైద్యుని గౌరవించాలని ఆ అధ్యాయం మనకు బోధిస్తుంది. సుబ్బారావు గారు మన సభకు చెందినవారు కారు. అయినా నేలలో దేవుడు దాచిన మేలును వెదకి పేదలకు, రోగులకు చేరవేసిన వారిని మనం కృతజ్ఞతతో స్మరించుకోవాలి.

ఈ ఏడు తొలకరి పడి మట్టివాసన లేచినప్పుడు మీ పిల్లలను దగ్గరకు పిలవండి. ఆ వాసన ఎవరిదో చెప్పండి. భీమవరంలో పుట్టి, పరీక్షలు తప్పి, సోదరులను పోగొట్టుకుని, పరాయిదేశంలో పాత్రలు కడిగిన ఒక తెలుగువాని కథ చెప్పండి. ఆయన తెచ్చిన మందును పాడుచేయకుండా తరువాతి తరానికి అప్పగించవలసిన బాధ్యత మన ఇంటిలో కూడా ఉన్నదని చెప్పండి.